మరణశాసనములో అడవికి భాగము

వాక్యభాగము: ఆదికాండము 9:8–17, హెబ్రీయులకు 9:16, 17, యిర్మీయా 32:6–15

తెలుగు బైబిలులో "మరణశాసనము" అను మాట హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక తొమ్మిదవ అధ్యాయములో కనబడును. కచేరీలలోను రిజిస్ట్రారు కార్యాలయములలోను దీనినే వీలునామా అందురు. పత్రిక రచయిత వాదము సామాన్యమైన లోకానుభవము మీద కట్టబడినది. వ్రాసినవాడు బ్రదికియున్నంత కాలము ఆ కాగితమునకు బలము లేదు. అతడు కన్నుమూసిన దినముననే అది మాటలాడ నారంభించును. ఆ అనుభవమును చేతపట్టుకొని రచయిత కల్వరి రహస్యమును విప్పుచున్నాడు. ఈ భాగముమీద సంఘములలో ఎన్నో ప్రసంగములు జరిగినవి. అయితే ఆ మాటకు మూలమైన గ్రీకు పదము "దియాథేకే" అనియు, అదే పదము ఇతర స్థలములలో "నిబంధన" అని తెలుగులోనికి వచ్చినదనియు, క్రీస్తునకు పూర్వము యూదులు తమ లేఖనములను గ్రీకు భాషలోనికి మార్చినప్పుడు నోవహు చరిత్రలో సహితము ఆ పదమునే వాడిరనియు గమనించువారు కొద్దిమంది.

నోవహు ఓడనుండి దిగినప్పుడు దేవుడు చేసిన నిబంధనలో ఎవరెవరు చేర్చబడిరి? నోవహు, అతని కుమారులు, వారి సంతానము అని ఆదివారపు బడి పిల్లవాడు చెప్పును. అక్కడ ఆగినయెడల జవాబు సగమే అగును. పక్షులు, పశువులు, ఓడనుండి బయటికి వచ్చిన సమస్తమైన భూజంతువులు ఆ నిబంధనలో పేరుపేరున చేర్చబడినవి. తొమ్మిదవ అధ్యాయము పదియవ వచనము మొదలు పదునేడవ వచనమువరకు ఈ సంగతి ఐదు మారులు చెప్పబడినది. ఒక్కమారు చెప్పిన చాలునుగదా! మనుష్యుడు మరచిపోవునని ఎరిగియే ప్రభువు ఐదు మారులు చెప్పెనేమో. సంతకము చేయలేని, సాక్ష్యము చెప్పలేని, ఒడంబడిక ఒకటి ఉన్నదని యెరుగనే యెరుగని జీవరాసులను దేవుడు తన నిబంధనలో పాలివారినిగా వ్రాసికొనెను. మేఘములోని ధనుస్సు ఎంత నోవహుదో అంత అడవి మృగములది కూడ.

ఈ సత్యమునుండి ఒక ప్రశ్న పుట్టుచున్నది. దేవుడు తన నిబంధనలో చేర్చుకొనినవాటికి విశ్వాసి తన మరణశాసనములో ఒక భాగము వ్రాయవచ్చునా? సంఘపెద్దలలో కొందరు ఇది విని చిరునవ్వు నవ్వుదురు. వీలునామాలో దానమనగా దేవాలయపు కట్టడమునకో, అనాథశాలకో, కుష్ఠరోగుల ఆసుపత్రికో అని వారి తలంపు. ఆ దానములు మంచివే. పులికిని గేదెకును ఆస్తి వ్రాయుట పాశ్చాత్యుల వేడుక అని కొట్టివేయువారు మాత్రము ఒకమారు తాలిపేరు నదిని ఎగువకు వెంబడించి చూడవలెను.

తాలిపేరు తెలుగువారికి క్రొత్త పేరు కాదు. భద్రాచలమునకు ఎగువన చర్ల ప్రాంతమున దాని మీద ఆనకట్ట యున్నది. దాని నీళ్లు గోదావరిలో కలియును. ఆ గోదావరి తీరముననే దుమ్ముగూడెములో పందొమ్మిదవ శతాబ్దమున కోయ జనుల మధ్య సువార్త సేవ జరిగెను. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అను మిషనరీ భద్రాచలము రేకపల్లి తాలూకాలను గూర్చి ఆనాటి పత్రికలో విపులముగా వ్రాసెను. నదిని ఎగువకు వెంబడించినవాడు ఛత్తీసుగఢ్ రాష్ట్రపు బీజాపూరు జిల్లాలో ప్రవేశించును. అక్కడ నది ఒడ్డున బాసగూడ యున్నది. పూర్వము అది బస్తరు జిల్లా. 1998లో దంతెవాడ వేరుపడెను, 2007లో బీజాపూరు వేరు జిల్లా ఆయెను. దొర్లలు, మురియలు ఆ ప్రాంతపు వారు. దొర్లల నోట కోయమాటతో తెలుగుమాట కలసి వినబడును. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, సారపప్పు ఈ అడవి యిచ్చు పంటలు. వీటిని విత్తినవాడు లేడు, ఏరుకొనువారే యున్నారు.

బాసగూడకు వాయవ్య దిక్కున ఇంద్రావతి అభయారణ్యము. అది 1981లో జాతీయ వనముగాను, 1983లో పులుల సంరక్షణ ప్రాంతముగాను ప్రకటింపబడెను. విస్తీర్ణము సుమారు 2,799 చదరపు కిలోమీటరులు. దక్షిణ దిక్కున తెలంగాణ సరిహద్దు చెంత పామేడు అభయారణ్యము 1983లో ఏర్పడెను. అదే సంవత్సరమున భైరంగఢ్ అభయారణ్యము కూడ ఏర్పడెను. ఈ మూడు స్థలములను కాపాడుటలో ముఖ్యముగా తలంచబడిన జంతువు అడవి గేదె. తెలుగువారు అడవిదున్న అనునది వేరు. అది గిట్టలపై తెల్లని మేజోళ్లు తొడిగినట్లుండు కొండజంతువు. అడవి గేదె యనగా ఊరి గేదెకు పూర్వీకురాలు. దేహము మరింత పెద్దది, కొమ్ములు బారెడు విస్తరించునవి, ఎవనికిని లోబడనిది. ఛత్తీసుగఢ్ దానిని తన రాష్ట్ర జంతువుగా ఎన్నుకొనెను. లోకమంతటిలోను ఇట్టివి నాలుగు వేలకు మించి లేవని శాస్త్రజ్ఞుల అంచనా. వాటిలో అధిక భాగము అస్సాములో నున్నవి. మధ్యభారతమున మిగిలినది పిడికెడు మాత్రమే. ఇంద్రావతి మందలు నది దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవులలోనికి వచ్చుచు పోవుచుండును. తూర్పున ఉదంతి అభయారణ్యములో ఒక కాలమున ఒక్క ఆడగేదె మాత్రమే మిగిలెను. ఆ జాతిని నిలుపుటకై 2014లో హర్యానా రాష్ట్రపు కర్నాలులోని పాడిపరిశోధన సంస్థలో దాని కణమునుండి ఒక దూడను పుట్టించిరి. 2020లో అస్సాములోని మానస వనమునుండి గేదెలను లారీలలో తెచ్చి బార్‌నవాపారా అడవిలో ఉంచిరి. ఇంత ప్రయాస ఒక్క జంతువు కొరకా అని అడుగువారికి యోబు గ్రంథము ముప్పది తొమ్మిదవ అధ్యాయము జవాబు. యెహోవా సుడిగాలిలోనుండి యోబుతో మాటలాడినప్పుడు అతని పుండ్లను గూర్చి ఒక్క మాటయైనను పలుకలేదు. గురుపోతు నీ సాలలో నిలుచునా, నీ నాగలికి కట్టబడునా అన్న భావముతో ప్రశ్నించెను. మనుష్యునికి ఏ ప్రయోజనమును లేని జంతువులను దేవుడు అక్కడ సంతోషముతో వర్ణించుచున్నాడు. ప్రయోజనమును బట్టి ప్రేమించుట ఆయన పద్ధతి కాదు.

2012 ఫిబ్రవరిలో భారత సర్వోన్నత న్యాయస్థానము ఈ అడవి గేదె సంరక్షణను గూర్చి తీర్పు చెప్పెను. గోదావర్మన్ వ్యాజ్యమని పేరొందిన అటవీ వ్యాజ్యములో ఇది ఒక భాగము. సమస్తమును మనుష్యుని మేలుకొరకే అని చూచు దృష్టిని విడిచి, ఇతర జీవులకు తమంతట తమకే విలువయున్నదని చూచు దృష్టికి రావలెనని న్యాయమూర్తులు ఆ తీర్పులో వివరించిరి. ఆ మాట నోవహు నిబంధనకు ఎంత సమీపముగా నున్నది!

ఇక మరణశాసనము మాట. ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ యున్నది. దానిని మొదట ఎత్తినవారు అవిశ్వాసులు కారు. నాల్గవ శతాబ్దమున కప్పదొకియలోని కైసరయకు అధ్యక్షుడైయుండిన బాసిలు ధనవంతులను గూర్చి చేసిన ప్రసంగములో ఈ సంగతిని తీవ్రముగా ఖండించెను. బ్రదికినంత కాలము సొమ్ము అనుభవించి, చచ్చిన తరువాత బీదలను వారసులుగా వ్రాసెదమను వారితో ఆయన పలికిన భావమిది: అట్టి దానమునకు కృతజ్ఞత చెల్లవలసినది చావునకే గాని దాతకు కాదు, చావు లేకుండినయెడల అతడు ఆజ్ఞను తలంచియే యుండడు. ఇది కఠినమైన మాట. అయినను వాక్యమునకు విరోధమైన మాట కాదు. దావీదు అరౌనా కళ్లమును ఊరక తీసికొన నొల్లక, వెల యియ్యని దహనబలిని దేవునికి అర్పింపననెను (2 సమూయేలు 24:24). చచ్చినవానికి వీలునామాలోని దానము ఏమి వెల? ఆ సొమ్ము అతడు ఎట్లును తీసికొనిపోలేడు. లూకా సువార్త పండ్రెండవ అధ్యాయములోని ధనవంతుడు తన కొట్లు విప్పి పెద్దవి కట్టింప తలంచెను. ఆ రాత్రియే అతని ప్రాణమడుగబడెను. ఆ కొట్లు ఎవని వాయెనో ప్రభువు చెప్పలేదు.

కాబట్టి బ్రదికియుండగా ఏమియు ఇయ్యనివాడు వీలునామాతో దాత కాజాలడు. పక్షిశాస్త్రజ్ఞుడైన సలీం అలీ జీవితములో ఈ సంగతి చూడవచ్చును. 1931, 1932 సంవత్సరములలో ఆయన హైదరాబాదు సంస్థానపు పక్షులను పల్లెపల్లె తిరిగి పరిశీలించెను. 1976లో పాల్ గెట్టీ పేరిట ఇచ్చు వన్యప్రాణి సంరక్షణ బహుమానము ఆయనకు వచ్చినప్పుడు ఆ సొమ్ముతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘములో సంరక్షణ నిధిని స్థాపించెను. 1987లో ఆయన మరణించెను. క్రీస్తు నామము ధరింపనివాడు పదునొకండు సంవత్సరములు బ్రదికియుండి తన నిధి పనిని కన్నులార చూచెను. క్రీస్తు నామము ధరించినవాడు దానికంటె తక్కువగా నుండుట తగునా?

అయినను బాసిలు మాటతో ఈ సంగతి ముగియలేదు. కొన్ని దానములు బ్రదికియున్నవాడు ఇయ్యలేనివి. ముసలితనమున వైద్యమునకు ఎంత కావలెనో, విధవరాలైన భార్య ఎన్ని యేండ్లు బ్రదుకునో ఎవడెరుగును? తాను నివసించు ఇంటిని అమ్మి దానము చేయుమని ప్రభువు ప్రతివానిని ఆజ్ఞాపింపలేదు. మరణమువరకు చేతనుండవలసినదానిలో ఒక భాగమును మరణము తరువాత పంచుట ఆ ఇంటి యజమాని చేయగల ధర్మమే. అంతేకాక అడవి పని మనుష్యుని ఆయుష్కాలమునకు మించినది. కొట్టివేయబడిన మద్ది, వేగి చెట్లు తిరిగి మానులగుటకు ఒక తరము చాలదు. గేదెమంద పదినుండి నూరగుట చూచుటకు ఒక మనుష్యుని వృద్ధాప్యము చాలదు. తాను చూడబోని ఫలమునకై వ్రాసిన కాగితము, తాను చూడబోని దేశమును గూర్చి యోసేపు తన యెముకల విషయమై ఇచ్చిన ఆజ్ఞ వంటిది. ఆ ఆజ్ఞను నెరవేర్చినవారు అతడెన్నడును చూడని మోషేయు, అతని తరువాత షెకెములో పాతిపెట్టినవారును. ఇంగ్లండులో పిల్లల కథలు వ్రాసి కీర్తిగన్న బియాట్రిక్సు పాటరు 1943 డిసెంబరులో మరణించినప్పుడు నాలుగు వేల ఎకరములకు మించిన కొండభూమిని, దానిలోని వ్యవసాయ క్షేత్రములను నేషనల్ ట్రస్టునకు వ్రాసియుంచెను. ఆ కొండలలోని హెర్డ్‌విక్ జాతి గొఱ్ఱెలను అక్కడనే పెంచవలెనని కూడ కోరెను. ఆమె చనిపోయి ఎనుబది యేండ్లు దాటినది. ఆ కొండలమీద ఆ గొఱ్ఱెలు నేటికిని మేయుచున్నవి.

భారతదేశపు క్రైస్తవులకు ఈ విషయములో ఒక విచిత్రమైన ఆటంకము చిరకాలము ఉండెను. 1925 నాటి భారత వారసత్వ చట్టములో 118వ సెక్షను ఏమనెననగా: అన్న కొడుకో, చెల్లెలి కూతురో, అంతకంటె సమీపమైన బంధువో ఉన్నవాడు మతకార్యమునకైనను ధర్మకార్యమునకైనను ఆస్తి వ్రాయదలచినయెడల, తాను చనిపోవుటకు పండ్రెండు నెలలకు తక్కువ కాకుండ ముందుగా వీలునామా వ్రాసి, ఆరు నెలలలోగా చట్టము నియమించిన స్థలమున భద్రపరచవలెను. లేనియెడల దానము చెల్లదు. మరణశయ్యమీదనున్నవానిని గురువులు భయపెట్టి ఆస్తి వ్రాయించుకొందురేమోనని ఇంగ్లండు శాసనకర్తలకు కలిగిన పాత అనుమానము దీనికి మూలము. హిందువులకు, మహమ్మదీయులకు ఈ నిబంధన లేదు. పార్సీలకు 1991లో మినహాయింపు కలిగెను. క్రైస్తవులు మాత్రము మిగిలిరి! అనగా ఎనిమిది నెలల క్రితము వీలునామా వ్రాసి హఠాత్తుగా చనిపోయిన విశ్వాసి దానము, అతనికి ఒక మేనల్లుడున్నంత మాత్రమున కొట్టివేయబడుచుండెను. కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అను యాజకుడు దీనిని ప్రశ్నించెను. 2003 జూలై 21న ప్రధాన న్యాయమూర్తి ఖరేతో కూడిన ధర్మాసనము ఈ సెక్షను రాజ్యాంగపు 14వ అధికరణమునకు, అనగా సమానత్వపు హక్కునకు, విరుద్ధమని కొట్టివేసెను. నేడు క్రైస్తవుడు ధర్మమునకు వ్రాయుటలో అందరితో సమానుడు. ఈ సంగతి తెలియని పెద్దలు సంఘములలో ఇంకను కొందరున్నారు. వారు పాత భయమును పిల్లలకు అప్పగించుచున్నారు.

ఆ సెక్షను పోయినది గాని దాని వెనుకనున్న భయము పూర్తిగా అబద్ధము కాదు. ధర్మము పేరిట కుటుంబమును దోచుకొనుట యేసుప్రభువు కాలముననే ఉండెను. తలిదండ్రులకు చెల్లవలసినదానిని కొర్బాను అని చెప్పి తప్పించుకొనువారిని ఆయన గద్దించెను (మార్కు 7:11). స్వకీయులను సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి వ్రాసిన భావము. కాబట్టి అడవికి వ్రాయు భాగము ఆకలిగొనిన బిడ్డ పళ్లెములోనుండి తీసినది కాకూడదు. పిల్లలు బాగుగా స్థిరపడినచోట, లేక సంతానము లేనిచోట, సంకోచము అవసరము లేదు.

ఊహకు ఒక కుటుంబమును తీసికొనవచ్చును. భద్రాచలము వైపున విశ్రాంతి పొందిన ఒక ఉపాధ్యాయుడు, భార్య జీవించియున్నది, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. ఇల్లు ఒకటి, బ్యాంకులో ఇరువది లక్షల రూపాయలు. అతడు వీలునామా వ్రాయకుండ చనిపోయినయెడల చట్టము ఆస్తిలో మూడవ వంతు భార్యకును, మిగిలిన రెండు వంతులు ముగ్గురు బిడ్డలకు సమానముగాను పంచును. సంఘమునకు గాని, బీదలకు గాని, అడవికి గాని ఒక్క పైసయైనను రాదు; చట్టమునకు వారెవరును తెలియదు. అతడు వీలునామా వ్రాసినయెడల ఇల్లు భార్యకు, అప్పులును సమాధి ఖర్చులును పోగా మిగిలిన సొమ్ములో తొమ్మిది భాగములు భార్యాబిడ్డలకు, ఒక భాగము వన్యప్రాణి సంరక్షణకు అని వ్రాయవచ్చును. ఇంత సొమ్ము అని అంకె వేయుటకంటె మిగిలినదానిలో ఇన్నవ వంతు అని వ్రాయుట మేలు. ధరలు పెరుగును, సొమ్ము తరుగును; వంతు మాత్రము వంతుగానే నిలుచును.

అన్నిటికంటె ముఖ్యమైనది, బ్రదికియుండగానే అతడు పిల్లలను కూర్చుండబెట్టి చెప్పవలెను. యాకోబు తన పండ్రెండుగురు కుమారులను పిలిచి మాటలాడెను, దాచిపెట్టలేదు. పెద్దకుమారుడు నొచ్చుకొనవచ్చును. ఎన్నడును చూడని గేదెకు మాకంటె ఎక్కువ హక్కు ఉన్నదా నాయనా అని కుమార్తె అడుగవచ్చును. ఆ ప్రశ్నకు తండ్రి జవాబు చెప్పగలిగినప్పుడే ఆ దానము నిజముగా అతని దానమగును; జవాబు లేనియెడల కాగితమును చింపివేయుట మంచిది. బాసిలు కోరిన వెల ఇక్కడ చెల్లింపబడుచున్నది. సొమ్ము వెల చావు చెల్లించును. బిడ్డల యెదుట సిగ్గుపడక నిలుచు వెల బ్రదికియున్నవాడే చెల్లించవలెను.

చట్టపు విషయములు కొద్దిగా చెప్పుట చాలును. వీలునామాకు ముద్రకాగితము అక్కరలేదు. రిజిస్టరు చేయుట విధి కాదు గాని తరువాతి వివాదములను తగ్గించును. వ్రాసినవాడు సంతకము గాని వేలిముద్ర గాని వేయవలెను. ఇద్దరు సాక్షులు దానిని చూచి, అతని యెదుట తామును సంతకము చేయవలెను. క్రైస్తవుని వీలునామాలో సాక్షి సంతకము చేసినవానికి గాని వాని భార్యకు గాని ఏదైన వ్రాయబడినయెడల ఆ భాగము చెల్లదు. కాబట్టి భాగము పొందు కుమారుని సాక్షిగా నిలువబెట్టుట అతనికి మేలు చేయుట కాదు. వీలునామా వ్రాసిన తరువాత పెండ్లి చేసికొనినయెడల పాత వీలునామా రద్దగును; రెండవ పెండ్లి చేసికొను విధురులు దీనిని మరచుచున్నారు. ఎప్పుడైనను మార్చి వ్రాయవచ్చును. దానము పొందు సంస్థ పేరు పూర్తిగా, స్పష్టముగా వ్రాయవలెను. "అడవి జంతువులకు" అని మాత్రము వ్రాసినయెడల దానిని ఎవరికి చెల్లింపవలెనో తెలియక కార్యనిర్వాహకుడు కోర్టుల చుట్టు తిరుగును. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము 1883లో స్థాపింపబడినది. ఇట్టి పాత సంస్థలు నిలుకడగలవి. 2006లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పులుల సంరక్షణ ప్రాంతములకు రాష్ట్రములు ఫౌండేషనులను స్థాపింపవలెను. సంరక్షణకు వనరులు కూర్చుట వాటి ఉద్దేశములలో ఒకటి. భూమి వ్రాయదలచినవాడు మాత్రము మొదట న్యాయవాదిని అడుగవలెను. షెడ్యూలు ప్రాంతములలో ఆదివాసుల భూమి చేతులు మారుటకు కఠినమైన కట్టుబాట్లున్నవి, అవి ఉండుట న్యాయమే.

సొమ్ము ఎట్టి పనికి పోవుననునది తరువాతి మాట. అడవి గేదెకు శత్రువులు వేటగాండ్రు మాత్రమే కారు. ఊరి గేదెలు అడవిలో మేసి వాటితో కలసినప్పుడు అడవి జాతి రక్తము క్రమముగా చెదరిపోవును. ఊరి పశువుల వ్యాధులు వాటికి సోకును. రిండర్‌పెస్టు అను పశుమహమ్మారి ఊరి పశువులకు టీకాలు వేయుటచేతనే నిర్మూలమాయెను. 2011లో లోకమంతట అది అంతరించెనని ప్రకటించిరి. గాలికుంటు వంటివి ఇంకను ఉన్నవి. అడవి అంచు గ్రామములలో పశువులకు టీకాలు వేయించినయెడల పల్లెవాని ఆవును అడవిలోని గేదెయు కలసియే బ్రదుకును. ఇట్టి పనికి వ్రాయబడిన సొమ్ము రెండు చేతులతో పంచునది.

బాసగూడను తలంచువాడు దీనికంటె బరువైన సంగతిని కూడ తలంపక తప్పదు. 2005 తరువాత ఆ ప్రాంతమున సల్వాజుడుం దినములలో పల్లెలు ఖాళీ ఆయెను. కొందరు శిబిరములలోనికి తరలింపబడిరి. వేలకొలది జనులు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మము జిల్లా అడవులలో ఆకుపాకలు వేసికొనిరి. బాసగూడ ఇండ్లు పాడుపడెను. 2011 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము ఆదివాసి యువకులకు తుపాకులిచ్చి పోరునకు దింపు ఆ పద్ధతిని రాజ్యాంగ విరుద్ధమని నిలిపివేసెను. ఇల్లు పోగొట్టుకొని తిరిగివచ్చిన జనుల చెవులకు "అడవిని కాపాడుట" అను మాట ఎట్లు వినబడును? మరియొకమారు లెమ్మనుటగా వినబడును. అహాబు నాబోతుతో మొదట కఠినముగా మాటలాడలేదు. అంతకంటె మంచి ద్రాక్షతోట ఇచ్చెదను, కావలసినయెడల వెల ఇచ్చెదను అనెను. నాబోతు దానిని పితరుల స్వాస్థ్యమని చెప్పి నిరాకరించెను. స్వాస్థ్యమునకు వెల లేదని ఆ యిశ్రాయేలీయుడు ఎరిగియుండెను. అటవీ హక్కుల చట్టము 2006లో వచ్చినది. అడవిలో తరతరములుగా నున్నవారి హక్కులను గుర్తింపక, వారి సమ్మతి లేక, పులుల కొరకైనను వారిని కదల్చరాదని అదే సంవత్సరము సవరింపబడిన వన్యప్రాణి చట్టము కూడ చెప్పుచున్నది.

కాబట్టి మరణశాసనములో అడవికి భాగము వ్రాయు విశ్వాసి ఇంకొక వాక్యము చేర్చుట మంచిది: ఈ సొమ్ము ఏ కుటుంబమును దాని సమ్మతి లేకుండ లేపుటకు వినియోగింపరాదు; అడవి అంచు గ్రామముల వారితో కలసి చేయు పనికే వినియోగింపవలెను. ఈ షరతునకు ఒప్పుకొనని సంస్థకు వ్రాయకుండుటయే మేలు. నిర్గమకాండము ఇరువది మూడవ అధ్యాయములో ఏడవ సంవత్సరము బీడుగా విడిచిన పొలమును గూర్చి ఆజ్ఞ యున్నది. దానిని మొదట బీదలు తినవలెను, వారు మిగిల్చినదానిని అడవి మృగములు తినవలెను. బీదవానిని మృగమును ఒకే పొలములో, ఒకే వాక్యములో నిలువబెట్టిన దేవుడు ఒకరికొరకు ఇంకొకరిని తరుమువాడు కాడు. ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞయు అట్టిదే; ఆకలిగొనినవాడు పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని విడిచిపెట్టవలెను. మరుసటి యేటికి గూడు మిగులును.

తన కాలములో ఫలము కనబడని పత్రమును వ్రాసినవారిలో యిర్మీయా ఒకడు. యెరూషలేమును బబులోను సైన్యము చుట్టుకొనియుండెను. ప్రవక్త బందీగృహపు ప్రాకారములో నుండెను. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి అనాతోతులోని పొలమును కొనుమనెను. ఆ పొలము అప్పటికే శత్రువుల పాదముల క్రింద నున్నది. దానిని కొనువాడు వెఱ్ఱివాడని జనులు తలంచియుందురు. యిర్మీయాకు భార్య లేదు, బిడ్డలు లేరు. వివాహము చేసికొనవద్దని యెహోవా అతనికి ముందే ఆజ్ఞాపించెను. అయినను అతడు పదునేడు తులముల వెండి తూచి ఇచ్చెను. పత్రము వ్రాసి, సాక్షులచేత సంతకము చేయించి, ముద్ర వేసెను. ముద్ర వేసిన పత్రమును, తెరచిన పత్రమును బారూకు చేతికిచ్చి, అవి బహుదినములుండునట్లు మంటికుండలో పెట్టుమనెను. బారూకు అట్లు చేసెను. ఆ దినమున సైన్యము ఇంకను పట్టణము చుట్టునే యుండెను.